మందు మానిన ఇంట్లో మాటలు: నా అనుభవం

మేము ఉండేది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బల్లార్షాలో. మా మామగారి తండ్రి బొగ్గు బాయి పనికోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను మంచిర్యాల నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసు కాగితాల్లో మరాఠీ. మా ఆయన గనిలో పంప్ ఖలాసీ, నేను ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతాను. ఈ రాత ఆయన చదివి, రెండు చోట్ల దిద్ది, సరేనన్న తరువాతే బయటకు వస్తోంది. మద్యం వల్ల ఒళ్ళు, డబ్బు ఎలా పాడవుతాయో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి పోను. భార్యాభర్తల మధ్య మాట ఎలా అడుగంటుతుందో, మందు మానినంత మాత్రాన అది ఎందుకు తిరిగి రాదో, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మాకు చెప్పిన పద్ధతి ఏమిటో మాత్రం రాస్తాను.

షిఫ్టుల ఇంట్లో మాట్లాడుకునే వేళలు మామూలుగానే తక్కువ. అందులో తాగి ఉన్న గంటలు తీసేయాలి, ఎందుకంటే అప్పుడు మాట్లాడి ప్రయోజనం లేదు. పొద్దున తల బరువుగా ఉన్న గంటలు తీసేయాలి, ఎందుకంటే ఏది అడిగినా కసురుకుంటారు. సాయంత్రం మందు వేళ దగ్గర పడుతున్నప్పుడు మనిషి కుర్చీలో ఉన్నా మనసు ఇంట్లో ఉండదు కనుక అదీ పోతుంది. ఇక మిగిలిన కాసింత వేళలో పిల్లల ఫీజులు, గ్యాస్ బండ, చిట్టీ వాయిదా, అత్తమ్మ మోకాళ్ళ నొప్పి అన్నీ ఇరికించలేక, చాలా సంగతులు నేనే తేల్చేసేదాన్ని. తరువాత అది తెలిసి ఆయన "నన్ను అడగకుంటనే చేసినవ్, ఇంట్ల నేనెందుకు మరి?" అనేవారు. ఆ బాధ నిజమైనదే. ఆ బాధతో మళ్ళీ బయటకు వెళ్ళేవారు, నేను మళ్ళీ అడగకుండానే పనులు చేసేదాన్ని.

కొన్నేళ్ళకు నా మాటలన్నీ నాలుగు ప్రశ్నలకు కుదించుకుపోయాయి: "యాడున్నరు? ఎప్పుడొస్తరు? ఎంత ఖర్చయింది? తాగిండ్రా?" ఆయన జవాబులు అంతకంటే పొట్టివి: "వస్తున్న", "ఏం లే". నేను గట్టిగా అడిగేకొద్దీ ఆయన ముడుచుకుపోయేవారు, ఆయన ముడుచుకుపోయేకొద్దీ నా గొంతు పెరిగేది. ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పుకోవడం అనే ఈ తీరు మద్యం లేని కాపురాల్లోనూ ఉంటుందనీ, మద్యం ఉన్న చోట మాత్రం తప్పుకునే మనిషికి వెళ్ళి కూర్చునేందుకు ఒక చోటు సిద్ధంగా ఉంటుందనీ తరువాత చికిత్సకు వెళ్ళినప్పుడు కౌన్సెలర్ వివరించింది. పెద్దమ్మాయి మా ఇద్దరి మధ్యా వార్తాహరి అయింది. "బాపును అన్నానికి రమ్మను" అని నేను, "మీ అమ్మను నా యూనిఫాం ఎక్కడ పెట్టిందో అడుగు" అని ఆయన, ఒకే గదిలో ఉండి ఆ పిల్ల చేత మాటలు మోయించాము.

మా జిల్లా సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పక్కనున్న గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. చంద్రపూర్‌లో మహిళల ఉద్యమాల ఫలితంగా 2015 ఏప్రిల్ 1 నుంచి నిషేధం అమలయింది, 2021లో ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. మా వాడకట్టులో ఆడవాళ్ళందరం దారూబందీని సంబరంగా ఆహ్వానించాము. మొదట్లో ఇల్లు నిజంగానే నెమ్మదించింది. ఆ తరువాత సిర్పూర్, కాగజ్‌నగర్ వైపు నుంచి సరుకు రావడం మొదలయింది, అడవి పల్లెల నుంచి ఇప్పసారా వచ్చింది, ధర ఎన్నో రెట్లయింది. అంతకుముందు ఆయన తాగి వచ్చినా, తాగానని చెప్పేవారు. నిషేధం వచ్చాక సీసా ఎక్కడ దొరికిందో రహస్యం, ఎంత పెట్టి కొన్నారో రహస్యం, ఆ డబ్బు ఎవరి దగ్గర బదులు తెచ్చారో రహస్యం. కూలర్ వెనకా, బండి డిక్కీలోనూ సీసాలు దాచడం ఆయన పని, వెతకడం నా పని. ఆ ఆరేళ్ళలో మా మధ్య అబద్ధాలు పెరిగినంతగా అంతకు ముందెప్పుడూ పెరగలేదు. అలాగని నేను నిషేధానికి వ్యతిరేకిని కాను. మా వీధిలో రెండిళ్ళలో దెబ్బలు తగ్గిన మాట కళ్ళారా చూశాను. చట్టం దుకాణాన్ని మూయగలదు గానీ ఒకసారి దాపరికం అలవాటైన ఇంటిని తెరవడం దాని చేతిలో లేని పని. నిషేధం తీసేశాక దుకాణాలు బాహాటంగా తెరుచుకున్నాయి, మా ఇంట్లో దాపరికం మాత్రం అలాగే మిగిలింది.

ఇంకొక సంగతి నన్ను ఏళ్ళ తరబడి వేధించింది. రాత్రి పూట ఆయన ఒక మాట ఇచ్చేవారు, లేదా అనరాని మాట అనేవారు. తెల్లవారి అడిగితే "నేనట్ల అనలే" అనేవారు. ఒక రాత్రి మా తమ్ముడి పెళ్ళికి బంగారం పెడదామని తానే లెక్కలు వేసి, కాగితం మీద రాసి, మరునాడు ఆ కాగితాన్ని ఎవరిదో అన్నట్లు చూశారు. ముఖం మీదే అబద్ధం చెబుతున్నారని నాకు ఒళ్ళు మండింది. నాగపూర్‌లో మేము చూపించుకున్న మానసిక వైద్యుడు దీన్ని విడమరచి చెప్పారు. రక్తంలో మద్యం వేగంగా పెరిగినప్పుడు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలను భద్రపరచడం ఆపేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, లెక్కలు కూడా వేస్తాడు, కానీ అవేవీ నమోదు కావు. నమోదు కానిదాన్ని మరునాడు ఎంత గుర్తుచేసినా తిరిగి రాదు. అంటే ప్రతి ఉదయం మా వంటగదిలో నిలబడిన ఇద్దరిలో ఒకరికి రాత్రి మొత్తం గుర్తుంది, ఇంకొకరికి ఆ రాత్రే లేదు. ఈ వివరణ విన్నాక ఆయన మీద నాకున్న ఒక అనుమానం పోయింది, కోపం మాత్రం పోలేదు. ఆయనకు గుర్తులేనంత మాత్రాన నేను విననట్టు కాదు కదా! ఈ మాట డాక్టరుగారితో అన్నాను, ఆయన కాదనలేదు.

చికిత్స దాకా ఎలా వెళ్ళామంటే, గనిలో జరిగే వైద్య పరీక్షల్లో కాలేయం రీడింగులు బాగా ఎక్కువగా వచ్చాయి. ఉద్యోగం మాట రాగానే ఆయన కదిలారు. నా ఏడుపుకు కదలని మనిషి ల్యాబ్ కాగితానికి కదిలారని అప్పట్లో కష్టంగానే తోచింది. అంతకు ముందే మా పక్కింటావిడ ఒక పొడి పొట్లం తెచ్చి ఇచ్చింది; బస్‌స్టాండ్ గోడల మీద "మీ భర్తకు తెలియకుండా తాగుడు మాన్పించండి" అని కాగితాలు అంటించి ఉంటాయి కదా, ఆ బాపతుది. నేను దాన్ని కూరలో కలపలేదు, పారేయనూ లేదు, పోపుల పెట్టె వెనక ఉంచాను. డాక్టరుగారికి చూపిస్తే ఆయన దాన్ని చెత్తబుట్టలో వేసి, ఇలాంటి పొడుల్లో ఒక్కోసారి డైసల్ఫిరామ్ అనే మందే ఉంటుందనీ, అది కడుపులో ఉందని తెలియని మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చనీ చెప్పారు. అదే మందును తరువాత మా ఆయనకు రాసిచ్చింది కూడా ఆ డాక్టరుగారే. ముందుగా ఆయనకు అంతా వివరించి, కాలేయం కుదుటపడేదాకా ఆగి, ఆయన ఒప్పుకున్నాకే మొదలుపెట్టారు.

మొదటి రోజు ఆయనను ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల పరీక్ష అడిగారు. మొత్తం 40 మార్కుల్లో 8 వచ్చినా జాగ్రత్త పడాలంటారు, 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వ్యసనం ముదిరి ఉండవచ్చని చూస్తారు. ఆయనకు వచ్చింది 20కి పైనే. నన్ను విడిగా వేరే గదిలోకి పిలిచి, ఆయన కొడతారా, నాకు ఇంట్లో భయంగా ఉంటుందా అని అడిగారు. దెబ్బలున్న ఇంట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదమనీ, అక్కడ ముందు ఆడమనిషి భద్రత చూడాలనీ, ఆ తరువాతే మిగతావనీ అన్నారు. మా సంగతి అది కాదు కనుక ముందుకు వెళ్ళాము. ఎవరికైనా అదే పరిస్థితి ఉంటే 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వ్యసనాల గురించి అడగడానికి 14446, మనసు బాగోలేనప్పుడు తెలుగులోనూ మాట్లాడగలిగే టెలీ మానస్ 14416 ఉన్నాయి.

ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఇంట్లో ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేయడం మంచిది కాదని అక్కడే తెలిసింది. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి; రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు; రెండు మూడు రోజుల నాటికి కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి. అందుకే ఆసుపత్రిలో ఉంచి, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ, వణుకు తగ్గించే మాత్రలు రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. ఆ వార్డు గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలయింది. ఆయన తాగడం లేదు, మేము మాట్లాడుకోవడమూ లేదు. తాగినప్పుడైనా తిట్టుకునేవాళ్ళం, ఇప్పుడు అదీ లేదు. షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చునేవారు. నేను చాయ్ ఇచ్చే నెపంతో దగ్గరకు వంగి ఊపిరి పీల్చేదాన్ని. నేను వాసన చూస్తున్నానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసునని నాకూ తెలుసు, ఇద్దరం ఏమీ జరగనట్టే ఉండేవాళ్ళం. సాయంత్రం ఏడు దాటితే ఆయన అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టేవారు. ఒకసారి ఎలా ఉంటుందని అడిగితే, "పంపు ఆగితే బాయిల నీళ్ళు ఊరినట్టు ఊరుతది" అన్నారు. చాలా ఏళ్ళలో ఆయన తన లోపలి సంగతి నాతో చెప్పింది ఆ ఒక్క మాటే. దానికి నేను "మళ్ళా తాగుతరా ఏంది?" అన్నాను. ఇక ఆ సాయంత్రం ఆయన నోరు విప్పలేదు.

కౌన్సెలర్ దగ్గర ఈ సంగతి చెబితే ఆవిడ, "మీరు భయంతో అడిగారు, ఆయనకు అది నేరారోపణలా వినిపించింది" అని, మా ఇద్దరికీ కలిపి ఒక పద్ధతి మొదలుపెట్టింది. అమెరికాలో తిమోతీ ఓఫారెల్ వంటి మనస్తత్వవేత్తలు మద్యపాన వ్యసనం ఉన్నవారికి భార్యతోనో భర్తతోనో కలిపి చికిత్స చేసే విధానాన్ని ఎన్నో ఏళ్ళు పరీక్షించి రూపొందించారట. దాని ఆధారంగా ఆవిడ మా చేత ఒక ఒప్పందం రాయించింది. రోజూ ఒకే వేళకు, ఆయన నా ఎదురుగా డైసల్ఫిరామ్ మాత్ర వేసుకోవాలి. వేసుకుని, నిన్న తాగలేదనీ, ఈ రోజు తాగననీ చెప్పాలి. రేపటి గురించీ జీవితాంతం గురించీ మాట ఇవ్వకూడదు. నేను దానికి కృతజ్ఞత చెప్పాలి. క్యాలెండరులో ఆ తేదీ దగ్గర ఇద్దరం గుర్తు పెట్టాలి. అంతే, ఇక రోజు మొత్తంలో నేను తాగుడు గురించి ఎత్తకూడదు. పాతవి తవ్వకూడదు, అనుమానం అడగకూడదు, వాసన చూడకూడదు. అడగవలసినవి ఉంటే కౌన్సెలింగ్ గదిలోనే అడగాలి.

ఒప్పందం విన్నప్పుడు నాకు అన్యాయంగా అనిపించింది. తాగింది ఆయన, నోరు కట్టుకోవలసింది నేనా? ఆ మాట అక్కడే అడిగాను. "మీకు రోజూ ఒకసారి అడగకుండానే జవాబు దొరుకుతుంది, అందుకు బదులుగా మిగతా రోజంతా అడగడం మానుకోమంటున్నాను" అన్నదావిడ. బేరం నాకు నచ్చలేదు గానీ లెక్క సరిపోయింది.

మొదటి ఉదయం స్టీలు గ్లాసులో మాత్ర కరిగించి, కాలనిర్ణయ్ క్యాలెండరు కింద నిలబడి, ఆయన గోడకేసి చూస్తూ, "నిన్న తాగలే. ఇయ్యాల తాగ" అన్నారు. కౌన్సెలర్ దగ్గర హిందీలో వల్లించినప్పుడు తేలికగా వచ్చిన మాటలు ఇంటి భాషలో వచ్చేసరికి ఆయన గొంతు పట్టేసింది. నాకేమో థ్యాంక్స్ చెప్పడానికి నోరు రాలేదు. మన ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం థ్యాంక్స్ చెప్పుకుంటారా? "సరే, మంచిగనే ఉన్నది" అన్నాను. చాలా రోజులు అదే నా కృతజ్ఞత. చిన్నోడు ఇదంతా చూసి, "బాపు బడిల హాజరు పలికినట్టు పలుకుతుండు" అని నవ్వాడు, మేమూ నవ్వాము. వాసన చూడడం మానుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమయింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాను.

తరువాతి మెట్టు వినడం. పావుగంట ఒకరు మాట్లాడాలి, రెండోవారు అడ్డు రాకుండా విని, విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పి, "నువ్వన్నది ఇదేనా?" అని అడగాలి. అవునన్నాకే తమ వంతు. డబ్బు, అత్తమ్మ, పాత గొడవలు మొదట్లో వద్దు, చిన్నవాటితో మొదలుపెట్టమన్నారు. మేము గ్యాస్ బండ ఎవరు బుక్ చేయాలన్నదానితో మొదలుపెట్టాము, అందులోనే గొడవ పడ్డాము. ఇలాంటి బడి పిల్లల ఆట ఇద్దరు నడివయసు మనుషుల చేత ఆడించడం ఏమిటని ఆయన విసుక్కున్నారు. ఒక ఆదివారం మాత్రం ఆ ఆట పనిచేసింది. ఆయన తమ్ముడికి నాకు చెప్పకుండా ఇచ్చిన అప్పు సంగతి వచ్చింది. నేను చెప్పాను: "పైసలు పోయినందుకు కాదు, నాకు బయటోళ్ళు చెప్తే తెల్సింది, అది నాకు చిన్నతనం అయింది." ఆయన తిరిగి చెప్పవలసిన వంతు వచ్చింది. "నువ్వనేది నేను పైసలు కరాబ్ చేసిన్నని." "కాదు." "నా తమ్ముడంటే నీకు పడదని." "అది కాదు." ఆయన చాలాసేపు ఆగి, "నీకు చెప్పకుంట ఇంకొకరికి చెప్పిన్నని" అన్నారు. "ఔ" అన్నాను. ఆ అప్పు ఇప్పటికీ తిరిగి రాలేదు, కానీ దాని గురించి మళ్ళీ అరుచుకోలేదు.

ఆ తరువాత నా వంతు వినడం వచ్చినప్పుడు ఆయన చెప్పిన సంగతి ఒకటి నాకు మింగుడు పడలేదు. నేను పిల్లల ముందు ఆయనను "మీ బాపుకు చెప్పి లాభం లేదు" అని చాలాసార్లు అన్నానట. నిజమే. దాన్ని నా నోటితో నేనే తిరిగి చెప్పవలసి వచ్చింది.

మధ్యలో ఒకసారి తప్పారు. కాలేయం రీడింగులు చూసి కొన్నాళ్ళు మాత్ర ఆపిన రోజుల్లో, మంచిర్యాలలో మా బంధువుల ఇంట దావత్ జరిగింది. మా వైపు పెళ్ళయినా, పురుడయినా, దినమయినా దావత్ అంటే మందు ఉండవలసిందే; వద్దన్నవాడిని "బావా, ఒక్క పెగ్గుకు ఏమైతది" అని చుట్టుముడతారు. కౌన్సెలర్ ఇలాంటి రోజు కోసం ముందే రాయించి పెట్టింది: ఆ రాత్రి వాదన వద్దు, తెల్లవారి ఆయనే నాతో చెప్పాలి, ఇద్దరం కలిసి ఫోన్ చేయాలి. ఆ రాత్రి నేను పక్క గదిలో మా అక్క దగ్గర పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తెల్లవారి నేను అడగకముందే ఆయన వచ్చి గడప దగ్గర నిలబడి, "రాత్రి తాగిన. రెండు పెగ్గులన్న గానీ ఎక్కువనే అయింది" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగిన సంగతి లెక్కతో సహా తానై చెప్పడం నాకు కొత్త. కోపంలోనే ఉన్నాను గనుక ఏమీ అనలేదు. ఫోన్ మాత్రం కలిపాను. ఇప్పుడు దావత్‌లకు వెళితే భోజనం వేళకు వెళ్ళి, తిని, వచ్చేస్తున్నాము. దీనిమీద బంధువులు అనేవి అంటూనే ఉన్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. అత్తమ్మ ఈ ఒప్పందాన్ని ఇప్పటికీ కొడుకుకు జరిగిన అవమానంగానే చూస్తుంది. వాళ్ళ నాన్నగారి తాగుడు గురించి ఆయన నాతోనూ, కౌన్సెలర్‌తోనూ ఇంతవరకు మాట్లాడలేదు. అడిగితే లేచి వెళ్ళిపోతారు. పెద్దమ్మాయి మా ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం మానేసింది గానీ, గొంతులు కాస్త పెరిగితే చాలు పుస్తకం తీసుకుని మేడ మీదికి వెళుతుంది.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న చర్చ మాత్ర గురించే. తిరిగి మొదలుపెట్టి చాలా కాలమైంది, ఇక ఆపేస్తానని ఆయన అంటున్నారు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చనీ, అసలు పరీక్ష ఆ తరువాతేననీ డాక్టరుగారు ముందే హెచ్చరించారు. మాత్రకు భయపడి మానడం వేరు, తానుగా మానడం వేరు, ఆ తేడా తనకు తెలియాలి కదా అన్నది ఆయన వాదన. దసరా, దీపావళి దావత్‌లు దాటేదాకా ఆగమన్నది నాది. పొద్దున చెప్పే మాట మాత్రం మాత్ర ఉన్నా లేకపోయినా కొనసాగించాలని ఇద్దరం ఒప్పుకున్నాము. వచ్చే నెల నాగపూర్ వెళ్ళినప్పుడు ఈ రెండు వాదనలూ డాక్టరుగారి ముందు పెడతాము. నా వాదన ఆయన చెప్పాలి, ఆయన వాదన నేను చెప్పాలి అని కౌన్సెలర్ ఫోన్‌లో అన్నది. ఆయన వాదనలో నాకు ఒక్క ముక్క ఇంకా సరిగ్గా పలకడం రావడం లేదు, ఈ ఆదివారం మళ్ళీ అడిగి తెలుసుకోవాలి.